ముందు నకలు, తర్వాతే మరమ్మతు: పాత పీఎస్3 డిస్కును చూసిన సీటీసీ దుకాణం

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అంటే నగరంలో అందరూ సీటీసీ అని పిలిచే కంప్యూటర్ల సముదాయంలో, పాత గేమ్ కన్సోళ్లకు మరమ్మతు చేసే ఒక చిన్న దుకాణం గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. దుకాణాన్ని ఒక్కరే నడుపుతారు. ఇప్పుడు వస్తున్న పనికే సమయం చాలడం లేదని, పేరు రాయవద్దని ఆయన అడిగారు. అందువల్ల పేరు ఇవ్వడం లేదు. అయినా ఆయన ఏ పని తర్వాత ఏ పని చేశారో, దేనికి ఎంత తీసుకున్నారో, ఎక్కడ నాకు అసంతృప్తి మిగిలిందో వివరంగా చెబితే, పాత కన్సోల్ ఉన్నవారికి తమ దగ్గరలోని ఏ దుకాణానికి వెళ్లినా ఏం అడగాలో తెలుస్తుందని నా నమ్మకం. మరమ్మతు గత మే నెలలో జరిగింది. ఎనిమిది నెలలు వాడి చూశాకనే రాస్తున్నాను, ఎందుకంటే కన్సోల్ లోపలి హార్డ్ డిస్కుకు చేసిన మరమ్మతు మంచిదో కాదో మొదటి వారంలో తేలదు.

మా ఇంట్లో ఉన్నది పీఎస్3 స్లిమ్, అంటే సోనీ ప్లేస్టేషన్ 3 గేమ్ కన్సోల్‌లో సన్నని రకం; 160 జీబీ హార్డ్ డిస్కుతో వచ్చిన 2500 సిరీస్ మోడల్. 2022లో మల్కాజిగిరిలో ఒకరి ఇంటికి వెళ్లి, రెండు కంట్రోలర్లు, ఏడు గేమ్ డిస్కులతో కలిపి 8,000 రూపాయలకు కొన్నాను. కొనే ముందు బ్లూ-రే డ్రైవు డిస్కులను చదువుతోందా, హెచ్‌డీఎంఐ పోర్టు వదులైందా, ఫ్యాను ఎంత చప్పుడు చేస్తోంది అన్నవన్నీ ఓపికగా చూశాను. లోపలి హార్డ్ డిస్కు గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నిజానికి ఈ వయసు కన్సోల్‌ను కొనేటప్పుడు మొదట అడగవలసింది దాని గురించే. పీఎస్3 మొదట వచ్చింది 2006 నవంబరులో. స్లిమ్ రూపం వచ్చింది 2009లో. జపాన్‌లో ఉత్పత్తి ఆగిపోయింది 2017లో. అంటే ఈ రోజు చేతులు మారుతున్న దాదాపు ఏ పీఎస్3లోనైనా, మధ్యలో ఎవరూ మార్చకపోతే, లోపల తిరుగుతున్నది ఎన్నో ఏళ్ల కిందటి ల్యాప్‌టాప్ డిస్కు. మా దాని చీటీ మీద 2010 అని ఉంది. అంత పాత ల్యాప్‌టాప్‌ను ముఖ్యమైన పనికి ఎవరూ నమ్ముకోరు. కన్సోల్‌ను మాత్రం టీవీ కింద పెట్టి, అది ఎప్పటికీ అలాగే నడుస్తుందనుకుంటాం.

చెడిపోవడం ఒక్క రోజులో జరగలేదు. మార్చిలో ఒక గేమ్ ఎప్పుడూ ఒకే చోట, వంతెన దాటే ఘట్టంలో, పది పదిహేను సెకన్లు ఆగి మళ్లీ కదిలేది. గేమ్ డిస్కు మీద గీతలున్నాయేమోనని తుడిచి చూశాం. ఏప్రిల్ వచ్చేసరికి మెనూ తెరుచుకోవడమే ఆలస్యమైంది. ఆ నెలాఖరులో గాలివాన వచ్చిన సాయంత్రం ఆట మధ్యలో కరెంటు పోయింది. తిరిగి వేసినప్పుడు, క్రితంసారి కన్సోల్‌ను సరిగా ఆపలేదని, ఫైల్ సిస్టమ్‌ను తనిఖీ చేస్తున్నానని సందేశం వచ్చింది. కరెంటు పోయినప్పుడు ఆ సందేశం ఒకసారి రావడం సహజమే. మాకు ఆ తర్వాత కరెంటు పోకపోయినా నాలుగు రోజులు వరుసగా వచ్చింది. దానితోపాటు ముందు భాగం నుంచి టిక్కు టిక్కుమని సన్నని చప్పుడు కూడా మొదలైంది. ఒకే చోట ఆగడం, మెనూ నెమ్మదించడం, కారణం లేకుండా తనిఖీ సందేశం రావడం, ఈ మూడూ ఒకేసారి కనిపిస్తే, డిస్కు తన మీది చెడిన చోట్లను చదవడానికి పదే పదే ప్రయత్నించి అలసిపోతోందని అనుకోవాలి.

మొదట మా ఇంటి దగ్గరి మరో మరమ్మతు దుకాణానికి వెళ్లాను. అక్కడి అబ్బాయి పరీక్ష ఏదీ చేయకుండానే, ‘ఫార్మాట్ కొడితే సెట్ అయిపోతది అంకుల్, అర గంట పని’ అన్నాడు. నేను ఒప్పుకోకపోవడానికి కారణం మా అమ్మాయి సేవ్, అంటే ఆటలో ఎక్కడిదాకా వచ్చిందో దాచి ఉంచే ఫైలు. తను వరంగల్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడల్లా ఒకే రోల్ ప్లేయింగ్ గేమ్‌ను కొనసాగిస్తూ 140 గంటలు దాటించింది. ఆ సేవ్‌ను పెన్ డ్రైవులోకి కాపీ చేయబోతే కన్సోల్ ఒప్పుకోలేదు. పీఎస్3లో చాలా గేముల సేవ్‌లు మామూలుగానే కాపీ అవుతాయి గాని, కొన్నింటికి తయారీదారులు తాళం వేసి పెట్టారు. అలాంటివి కన్సోల్‌లోనే ఉండే బ్యాకప్ యుటిలిటీ అనే సాధనం ద్వారా మొత్తం డిస్కులోని సరుకుతో కలిసి మాత్రమే బయటికి వస్తాయి. వచ్చినా తిరిగి అదే కన్సోల్‌లోకి మాత్రమే వెళ్తాయి. ఆ యుటిలిటీని కూడా నడిపి చూశాను. 31 శాతం దగ్గర ఆగిపోయింది. రెండోసారీ అక్కడే ఆగింది. ఆ స్థితిలో ఫార్మాట్ చేయించి ఉంటే కన్సోల్ కొన్ని వారాలు బాగానే నడిచేదేమో గాని, సేవ్ శాశ్వతంగా పోయేది. చెడిన డిస్కు చెడినట్టే లోపల ఉండిపోయేది.

ఒక స్నేహితుడు చెప్పగా సీటీసీకి వెళ్లాను. దుకాణం పై అంతస్తులో ఒక మూల ఉంటుంది; బల్లకు ఇవతల ఇద్దరు నిలబడితే మూడో మనిషికి చోటు లేదు. నేను కన్సోల్‌ను సంచిలోంచి తీసి ప్లగ్గు ఎక్కడుందని వెతుకుతుంటే ఆయన చెయ్యి అడ్డం పెట్టి, ‘ఆన్ చెయ్యకండి సార్. ఆన్ చేసినప్పుడల్లా డిస్కు ఇంకింత పోతది. ముందుగాల లోపల ఉన్నదంత బయటికి తీసుకుందాం, రిపేరు సంగతి తర్వాత చూద్దాం’ అన్నారు. ఈ దుకాణం మీద నాకు కలిగిన గౌరవానికి మూలం ఆ మాటే. మొదటి దుకాణంలోనూ ఇక్కడా ఉన్న పరికరాలు దాదాపు ఒకటే. తేడా అంతా ఏది ముందు, ఏది వెనుక అన్న దాంట్లో ఉంది.

పీఎస్3 స్లిమ్‌లో డిస్కును బయటికి తీయడానికి కన్సోల్‌ను విప్పనక్కర లేదు. బోర్లా తిప్పి, అంచున ఉన్న చిన్న మూతను తీస్తే ఒక నీలి రంగు స్క్రూ కనిపిస్తుంది. దాన్ని విప్పి, తీగ పిడిని పట్టుకుని లాగితే డిస్కు తన ట్రేతో సహా బయటికి వస్తుంది. వాడేవారే మార్చుకునేలా సోనీ దీన్ని రూపొందించింది, విధానాన్ని వినియోగదారుల పుస్తకంలోనే ఇచ్చింది. ఆయన ఆ డిస్కును యూఎస్‌బీ అడాప్టరు ద్వారా తన కంప్యూటరుకు తగిలించగానే, ఈ డిస్కును వాడాలంటే ఇనిషియలైజ్ చేయాలని విండోస్ అడిగింది. ఆయన రద్దు నొక్కి, స్క్రీను నావైపు తిప్పి, ఇంట్లో స్వయంగా ప్రయత్నించేవారు చాలామంది పొరపాటు పడేది ఇక్కడేనని చెప్పారు. పీఎస్3 తన డిస్కులోని సమాచారాన్ని ఆ ఒక్క కన్సోల్‌కే చెందిన తాళంచెవితో గుప్తీకరిస్తుంది. కాబట్టి కంప్యూటరుకు అది అర్థంకాని ఖాళీ డిస్కులా కనిపిస్తుంది, వెంటనే సిద్ధం చేసి పెడతానని ముందుకు వస్తుంది. ఒప్పుకుంటే పని చెడుతుంది.

తర్వాత క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేరులో డిస్కు ఆరోగ్య వివరాలు చూపించారు. ప్రతి హార్డ్ డిస్కు తన లోపాలను స్మార్ట్ అనే పట్టికలో తానే రాసుకుంటుంది. అందులో మనకు ముఖ్యమైనవి రెండు. మొదటిది, చెడిపోయిందని తేల్చి పక్కనపెట్టి, వాటి బదులు అదనపు చోటును వాడుకున్న సెక్టార్ల, అంటే డిస్కు మీది చిన్న చిన్న గడుల లెక్క. మా డిస్కులో అది 112. రెండోది, చదవలేకపోయినవి, చెడినవో కావో ఇంకా తేలని సెక్టార్ల లెక్క, అది 38. ఆ సాఫ్ట్‌వేరు ఈ అంకెలను మామూలు లెక్కలో కాక పదహారు ఆధారంగా చూపిస్తుంది కాబట్టి తెరమీద అవి 70, 26 అని కనిపించాయి. మార్చి చదువుకోవాలని ఆయన చెప్పకపోతే నేను తక్కువే అనుకునేవాణ్ని. మొదటి లెక్క చిన్నదిగా ఉండి నెలల తరబడి మారకుండా ఉంటే డిస్కు కొంతకాలం నడవవచ్చు. రెండోది సున్నా కాకపోతే మాత్రం, అందులోనూ రోజురోజుకూ పెరుగుతుంటే, ఆ డిస్కు మీద ఇక కొత్తగా ఏమీ రాయకూడదు. ఈ పట్టికను పీఎస్3 ఏ మెనూలోనూ చూపించదు. సెకండ్ హ్యాండ్ కన్సోల్ కొనబోయేవారు ల్యాప్‌టాప్, ఒక యూఎస్‌బీ అడాప్టరు వెంట తీసుకువెళ్లి, అమ్మేవారి అనుమతితో ఈ పరీక్ష చేసుకోవాలని నేను గట్టిగా చెబుతాను. స్క్రూ విప్పడంతో సహా పది నిమిషాల పని.

ఇక అసలు పని. ఆయన తన దగ్గర పరీక్షించి పెట్టుకున్న మరో 160 జీబీ డిస్కును తీసి, విండోస్ బదులు లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో డీడీరెస్క్యూ అనే సాధనంతో పాత డిస్కును సెక్టారు సెక్టారుగా దాని మీదికి దింపడం మొదలుపెట్టారు. మామూలు కాపీ చెడిన చోట దగ్గర చతికిలబడి, అక్కడే డిస్కును అరగదీస్తుంది. ఈ సాధనం చెడిన చోటును దాటవేసి, మొదట తేలికగా వచ్చేదంతా తీసుకుని, మిగిలిపోయిన ముక్కల కోసం చివరలో తిరిగి వస్తుంది. ఎక్కడ దాకా చేసిందో ఒక పట్టీలో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో ఆపి, డిస్కును చల్లార్చి, మర్నాడు కొనసాగించవచ్చు. లోపల ఏముందో అర్థం కాకపోయినా నకలు దిగుతుంది, ఎందుకంటే గుప్తీకరించిన అక్షరాలను ఉన్నవి ఉన్నట్టుగానే తీసుకుంటారు. దుకాణదారు మన ఫొటోలు, ఖాతాలు చూస్తారేమోనన్న బెంగ కూడా దీనితో పోతుంది. మా కన్సోల్ లేకుండా ఆ నకలు ఆయనకు ఎందుకూ పనికిరాదు. ఒక రాత్రి, మర్నాడు సగం పగలు నడిచాక, కొన్ని కిలోబైట్లు తప్ప మిగతా అంతా వచ్చింది.

నకలు డిస్కును మా కన్సోల్‌లో పెట్టి, మరమ్మతు అంశాలుండే సేఫ్ మోడ్ అనే మెనూలో తెరిచారు. కన్సోల్ ఆగి ఉన్నప్పుడు పవర్ బటన్‌ను అది వెలిగి మళ్లీ ఆరిపోయేదాకా నొక్కి పట్టి వదలాలి. మళ్లీ నొక్కి పట్టి, వెంటవెంటనే రెండు బీపులు వినిపించగానే వదిలితే ఆ మెనూ వస్తుంది. కంట్రోలరును వైరుతో తగిలించుకోవాలి. అందులో ఫైల్ సిస్టమ్‌ను పునరుద్ధరించే అంశం ఒకటి, డేటాబేస్‌ను తిరిగి నిర్మించే అంశం ఇంకొకటి ఉంటాయి. ఇంటర్నెట్‌లో ఏ ఇబ్బంది చెప్పినా ఈ రెండింటినీ నడపమనే సలహా వస్తుంది. సలహా తప్పు కాదు. కాని చెడుతున్న డిస్కు మీద వాటిని నడిపితే, మరమ్మతు పేరుతో అవి డిస్కంతా తిరిగి, చదవలేని ఫైళ్లను తొలగించే ప్రమాదం ఉంది. ఆరోగ్యంగా ఉన్న నకలు మీద నడిపితే, పోయినా మళ్లీ నకలు తీసుకోవచ్చు. ఈ తేడాను ఆయన నాకు రెండు వాక్యాల్లో చెప్పారు. నేను నెలరోజులు వెతికినా ఎక్కడా ఇంత స్పష్టంగా దొరకలేదు. పునరుద్ధరణ ముగిశాక బ్యాకప్ యుటిలిటీ ఈసారి నూటికి నూరు శాతం పూర్తయింది. ఫోనులో విషయం విన్న మా అమ్మాయి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ‘నాన్నా, పోయిందనే అనుకున్నా’ అంది.

కొత్తగా ఏ డిస్కు పెట్టాలన్న విషయంలో ఆయన సలహా నిజాయితీగా ఉంది. పీఎస్3 తన డిస్కుతో మాట్లాడే సాటా అనే కనెక్షను మొదటి తరం వేగంతోనే, అంటే సెకనుకు దాదాపు 150 మెగాబైట్ల పరిమితిలోనే పనిచేస్తుంది కాబట్టి ఖరీదైన ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్లేల బదులు ఫ్లాష్ మెమొరీ చిప్పుల్లో సమాచారం దాచే డిస్కు) మీద డబ్బు పెట్టడం వృథా అని, పేరున్న కంపెనీది, బిల్లుతో దొరికేది, మధ్యరకం చాలని చెప్పారు. హార్డ్ డిస్కే కావాలంటే 9.5 మిల్లీమీటర్ల మందానికి మించినది ట్రేలో పట్టదు. పైగా ఇప్పుడు అమ్ముడవుతున్న పెద్ద సైజు రెండున్నర అంగుళాల డిస్కుల్లో చాలావరకు, ట్రాకులను పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కించి రాసే రకానివి. పెద్ద ఇన్‌స్టాలేషన్ల సమయంలో అవి బాగా నెమ్మదిస్తాయి. నేను 480 జీబీ ఎస్ఎస్‌డీ తీసుకున్నాను. తిరిగే భాగాలు లేవు కాబట్టి కదిలినా, తగిలినా భయం లేదు. వేడి కూడా తక్కువ. లోపం ఒకటుంది. ఖాళీ అయిన చోట్లను ఎస్ఎస్‌డీకి తెలియజెప్పే ట్రిమ్ ఆదేశం పీఎస్3కి తెలియదు. అందువల్ల డిస్కును అంచుల దాకా నింపకుండా, ఆరో వంతయినా ఖాళీగా ఉంచమన్నారు, అలాగే ఉంచుతున్నాను.

వేగం గురించి ఎక్కువ ఆశ పెట్టుకోకూడదు. మెనూ చురుకైంది, డౌన్‌లోడ్ చేసిన గేములు త్వరగా తెరుచుకుంటున్నాయి. బ్లూ-రే డిస్కు నుంచి నేరుగా చదివే గేముల్లో మాత్రం మార్పు దాదాపు లేదు, ఎందుకంటే ఆ డ్రైవు వేగమే సెకనుకు 9 మెగాబైట్లు. నేను చెల్లించింది నమ్మకం కోసం, ఆ నమ్మకం ఎనిమిది నెలలుగా నిలిచింది. వంతెన దగ్గర ఆగడం లేదు. తనిఖీ సందేశం ఒక్కసారి కూడా రాలేదు.

ఖర్చు వివరాలు ఇవి: పరీక్షకు 300, నకలు తీసి సేవ్‌లను బయటపడేసినందుకు 1,500, ఎస్ఎస్‌డీకి 2,900, దుమ్ము దులిపి, చిప్పుల వేడిని బయటికి పంపే థర్మల్ పేస్టు మార్చినందుకు 700, మొత్తం 5,400 రూపాయలు. కన్సోల్ ధరలో మూడింట రెండు వంతులు కదా అని ఇంట్లో ప్రశ్న వచ్చింది. అదే డబ్బుకు ఇంకొంత కలిపితే మరో పాత పీఎస్3 వచ్చేమాట నిజమే. కాని దానిలోనూ ఇంతే వయసున్న డిస్కు ఉంటుంది, మా అమ్మాయి సేవ్ ఉండదు. సేవ్‌ల అవసరం లేనివారికి మాత్రం నకలు ఖర్చు అక్కర్లేదు. ఎస్ఎస్‌డీ కొని ఇంట్లోనే మార్చుకోవచ్చు. సోనీ సైటు నుంచి సిస్టమ్ సాఫ్ట్‌వేరు దించి, పెన్ డ్రైవులో పీఎస్3 అనే ఫోల్డరు, దానిలో అప్‌డేట్ అనే ఫోల్డరు ఆంగ్ల పెద్ద అక్షరాలతో చేసి, అందులో పెట్టి కన్సోల్‌కు తగిలిస్తే చాలు. స్టార్ట్, సెలెక్ట్ బటన్లు కలిపి నొక్కగానే మిగతాది అదే చేసుకుంటుంది. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన డ్రైవునే పీఎస్3 గుర్తిస్తుందన్నది మరచిపోకూడదు.

నాకు నచ్చనివి కూడా చెప్పాలి. రెండు రోజులన్న పని ఐదు రోజులు పట్టింది. నకలుకు ఎంత సమయం పడుతుందో ముందే చెప్పలేమన్నది నేను అర్థం చేసుకోగలను గాని, ఆలస్యమవుతుందని ఆయనే ఫోను చేసి ఉండాల్సింది, మూడుసార్లు నేనే చేయవలసి వచ్చింది. ఎస్ఎస్‌డీకి కంపెనీ బిల్లు, మూడేళ్ల వారంటీ ఇచ్చారు. తాను చేసిన పనికి మాత్రం చేతిరాత చీటీ తప్ప ఏ హామీ రాసివ్వలేదు. ట్రేకు ఎస్ఎస్‌డీని నాలుగు స్క్రూలతో బిగించాలి, నేను ఇంటికి వచ్చి చూస్తే మూడే ఉన్నాయి. తిరిగి వెళ్తే క్షమించమని చెప్పి అప్పటికప్పుడు బిగించారు, నిజమే. కాని సీటీసీ దాకా మరోసారి వెళ్లడం మధ్యాహ్నపు ట్రాఫిక్‌లో చిన్న పని కాదు. అన్నిటికంటే ముఖ్యంగా, కన్సోల్ విప్పి శుభ్రం చేసినప్పుడే గడియారానికి ఉండే సీఆర్2032 బటన్ సెల్లును మార్చమని నేను అడగలేదు, ఆయన అడగలేదు. పన్నెండు పదిహేనేళ్ల కన్సోల్‌ను ఎలాగూ విప్పినప్పుడు పాతిక ముప్పై రూపాయల ఆ సెల్లును మార్చడం దుకాణం అలవాటు కావాలి. మీరు వెళ్తే తప్పక అడగండి.

ఆ దుకాణంలో కూర్చున్న సమయంలో మరో రెండు కన్సోళ్లు చూశాను, వాటి వల్ల పీఎస్3 ఎంత అదృష్టమైన యంత్రమో తెలిసింది. ఒకటి 2012లో వచ్చిన పీఎస్3 సూపర్ స్లిమ్‌లో 12 జీబీ ఫ్లాష్ మెమొరీ ఉన్న రకం. ఆ మెమొరీ బోర్డుకే అతికించి ఉంటుంది గాని, పక్కన డిస్కు అమర్చుకునే చోటు ఉంది కాబట్టి దారి దొరుకుతుంది. రెండోది అదే ఏడాది నింటెండో తెచ్చిన వీ యూ. దానికి 8 జీబీ లేదా 32 జీబీ మెమొరీ చిప్పు బోర్డు మీదే ఉంటుంది. అది చెడితే 160-0103 అనే దోష సంఖ్య చూపించి కన్సోల్ ముందుకు కదలదు. అమెరికా నుంచి ఎవరో తెచ్చుకుని, ఏళ్ల తరబడి అటక మీద పెట్టి, తీసి చూస్తే ఈ సంఖ్య వచ్చిందట. ఆ గేములు కొనుక్కునే ఆన్‌లైన్ దుకాణాన్ని నింటెండో 2023 మార్చిలోనే మూసేసింది. అలాంటి కన్సోళ్లను సీటీసీలోనే కాదు, ఎక్కడైనా బాగుచేయడం కష్టం. బయటి యూఎస్‌బీ డిస్కు పెట్టుకుని గేములను అందులోకి మార్చుకోవడం, నెలకోసారైనా కన్సోల్‌ను నడపడం వంటి జాగ్రత్తలు చిప్పు బాగున్నప్పుడే తీసుకోవాలి. ఫ్లాష్ మెమొరీ కరెంటు లేకుండా చాలాకాలం పడి ఉంటే లోపలి విద్యుదావేశం నెమ్మదిగా కారిపోతుంది, వేడిలో ఇంకా త్వరగా. మే నెలలో మన అటకల మీద ఎంత వేడి ఉంటుందో చెప్పనక్కర లేదు. ఇది నా ఎస్ఎస్‌డీకీ వర్తిస్తుంది. అందుకే పరీక్షల కాలంలో ఎవరూ ఆడకపోయినా నెలకు రెండుసార్లు కన్సోల్‌ను గంటసేపు వేసి ఉంచుతున్నాను.

మరమ్మతు తర్వాత ఇంట్లో చేసిన మార్పులు మూడు. మొదటిది స్థలం. ఇన్నాళ్లూ కన్సోల్ టేకు షోకేసులో, అద్దాల తలుపు వెనక ఉండేది; దుమ్ము పడదని అలా పెట్టాం. వేడి గాలి బయటికి పోయే దారి లేక డిస్కు లోపలే ఉడికింది. ల్యాప్‌టాప్ డిస్కులకు తయారీదారులు సాధారణంగా చెప్పే గరిష్ఠ పరిమితి 60 డిగ్రీలు. గది వేడే 38 దాటిన మధ్యాహ్నం, మూసిన అరలో, ఆట నడుస్తుండగా ఆ పరిమితికి చేరడం ఎంతసేపు? ఇప్పుడు అది తెరిచిన బల్ల మీద, నాలుగువైపులా జానెడు ఖాళీతో ఉంది. దుమ్ము పడుతోంది, వారానికోసారి మెత్తని బ్రష్షుతో తుడుస్తున్నాను. రెండోది కరెంటు. 600 వీఏ కంప్యూటరు యూపీఎస్‌ను టీవీకి, కన్సోల్‌కు కలిపి పెట్టాను. ఇంట్లో ఇన్వర్టరు ఉన్నా, అది మారే ఆ క్షణంలో కన్సోల్ ఆగిపోయేది. యూపీఎస్ వచ్చాక ఆగలేదు. అది ఇచ్చే పది నిమిషాలు ఆట ఆడుకోవడానికి కాదు, సేవ్ చేసి మెనూ నుంచి సక్రమంగా ఆపడానికి. ఎర్ర దీపం వెలిగేదాకా ప్లగ్గు స్విచ్చి తీయకూడదని ఇంట్లో అందరికీ చెప్పాను.

మూడోది బ్యాకప్. ఒక పాత 320 జీబీ బయటి డిస్కును ఫ్యాట్32గా చేసి కేటాయించాను. విండోస్ తన మామూలు కిటికీలో 32 జీబీకి మించిన దాన్ని ఫ్యాట్32గా చేయనివ్వదు కాబట్టి దానికి వేరే ఉచిత సాధనం వాడవలసి వచ్చింది. మా అమ్మాయి సెలవులు ముగించుకుని వరంగల్ వెళ్లే రోజు రాత్రి బ్యాకప్ యుటిలిటీ నడుపుతాను. దాదాపు 90 జీబీకి నాలుగు గంటలు పడుతుంది, పడుకునే ముందు మొదలుపెడితే తెల్లవారేసరికి అయిపోతుంది. తాళం లేని సేవ్‌లను విడిగా పెన్ డ్రైవులోకి కూడా తీస్తాను, ఎందుకంటే రేపు కన్సోల్ బోర్డే పోతే బ్యాకప్‌లోని తాళమున్న సేవ్‌లు ఇంకో కన్సోల్‌లోకి రావు, ఇవైతే వస్తాయి. తిరిగి ఎక్కించేటప్పుడు బ్యాకప్ యుటిలిటీ డిస్కులో అప్పటికి ఉన్నదంతా చెరిపేస్తుందన్న సంగతి కూడా ముందే తెలుసుకోవాలి.

దసరాకు మా అమ్మాయి వచ్చినప్పుడు ఆ సేవ్‌ను తెరిచింది. ఆగిన చోటే, అదే ఊరి సత్రం ముందు, అదే సామానుతో ఉంది. పోయినవి కొన్ని పాటల జాబితాలు, పాత సందేశాలు మాత్రమే. డేటాబేస్‌ను తిరిగి నిర్మించినప్పుడు అవి పోతాయని ఆయన ముందే చెప్పారు. చెడిన డిస్కును ఆయన పారేయకుండా, స్థిరవిద్యుత్తు నిరోధించే కవరులో పెట్టి, తేదీ రాసి తిరిగి ఇచ్చారు. తన దగ్గరున్న నకలును నా ఎదుటే చెరిపేశారు.

వెళ్లేవారు మెట్రోలో ప్యారడైజ్ స్టేషన్లో దిగితే పార్కింగ్ బాధ ఉండదు. దుకాణం ఆదివారం తెరవరు, మిగతా రోజుల్లో పదకొండు దాటాకే తెరుస్తారు. కన్సోల్‌తోపాటు పవర్ కేబుల్, ఒక కంట్రోలరు, దాని యూఎస్‌బీ వైరు తీసుకువెళ్లండి. నేను వైరు మరచిపోయి మొదటి రోజు సగం సమయం పోగొట్టుకున్నాను. బయల్దేరే ముందు, బాగుందో లేదో చూద్దామని కన్సోల్‌ను మరోసారి ఆన్ చేయకండి.